ఆటలలో అంకెలు: పంచాయతీ చేయదగిన మేలు

(ఉయ్యాలవాడ ప్రాంతపు గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



ఉయ్యాలవాడ పేరు చెప్పగానే ఇద్దరు మహనీయులు జ్ఞప్తికి వత్తురు. 1846లో కుంఫిణీ ప్రభుత్వము నెదిరించి, 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డి ఒకరు. కరవు దినములలో ఆకలిగొన్న జనమునకు అన్నము పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి మరియొకరు. ఒకరి పేరు ధైర్యమునకు, మరియొకరి పేరు దాతృత్వమునకు గుర్తుగా నిలిచినవి. ఈనాడు మేము ప్రస్తావింపబూనిన విషయము అంత గొప్పగా కనిపింపదు. ఉయ్యాల దిగి, ఇంకను బడి మెట్లెక్కని పసిబిడ్డలను గూర్చి, అనగా 3 మొదలు 6 ఏండ్ల వయస్సు గల పిల్లలను గూర్చి మేము చెప్పదలచితిమి. వారికి లెక్క ఎట్లు అబ్బును? ఆటలకు అందులో ఎంత పాత్ర గలదు? పంచాయతీ చేయగలిగినది ఏమి?

మంచినీరు, వీధిదీపములు, మురుగు కాలువలు, పన్నుల వసూలు - పంచాయతీకి పనులకు కొదవలేదు. వీని నడుమ పసిపిల్లల గవ్వలాట ఎక్కడిదని మీలో కొందరు అనుకొనవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటకే మేము మీ ముందు నిలిచితిమి.

వల్లించుట వేరు, లెక్కించుట వేరు

నాలుగేండ్ల బిడ్డ చుట్టముల ముందు నిలిచి, ఒకటి మొదలు ఇరవై వరకు గుక్క తిప్పుకొనక చెప్పినచో తల్లిదండ్రులు మురిసిపోవుదురు. మురియవలసినదే. కాని ఆ బిడ్డ యెదుట పండ్రెండు చింతగింజలు కుప్పగా పోసి, "ఇందులో ఐదు నాకిమ్ము" అని అడిగి చూడుడు. పిల్లలలో పలువురు చేతికి వచ్చినన్ని పట్టి ఇత్తురు. కొందరు లెక్కపెట్ట మొదలిడి, ఐదు దాటినను ఆగరు. ఇది బుద్ధిలోపము కాదు. అంకెల పేర్లు నోటికి వచ్చినవి, అంకె అనగా ఏమో ఇంకను మనస్సునకు రాలేదు, అంతియే.

లెక్కించుట అను పని మనకు ఊపిరి వలె సులభమైపోయినది గాన అందులో ఎన్ని మెట్లున్నవో మనము గమనింపము. రోషెల్ గెల్మన్, గాలిస్టెల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1978లో ప్రకటించిన గ్రంథమున ఈ మెట్లను ఐదుగా విడదీసి చూపిరి. వస్తువు ఒక్కింటికి ఒక్క మాటయే చెప్పవలెను. మాటల వరుస ఎన్నడును మారరాదు. చివర పలికిన మాటయే మొత్తమునకు పేరు. గింజలైనను, గొర్రెలైనను, చప్పట్లైనను అదే విధముగా లెక్కింపవచ్చును. కుడి నుండి లెక్కించినను, ఎడమ నుండి లెక్కించినను మొత్తము మారదు. ఈ ఐదింటిలో మూడవది బిడ్డకు కడు దుర్ఘటము. "మొత్తము ఎన్ని?" అని అడిగినప్పుడు ఆ బిడ్డ మరల మొదటినుండి లెక్కించుచున్నచో, చివరి మాట యొక్క అర్థము ఇంకను తెలియలేదని గ్రహింపవలెను.

మన తెలుగు బిడ్డకు ఇంకొక మెట్టు కూడ కలదు. మామిడికాయలు మూడు, మనుష్యులు ముగ్గురు. రోట్టెలు నాలుగు, అన్నదమ్ములు నలుగురు. వస్తువులకు ఒక మాట, మనుష్యులకు ఒక మాట. కల్లములో ధాన్యము కొలుచు పెద్దలు మొదటి కొలతను ఒకటి అనక "లాభము" అని శుభముగా పిలుచుట కూడ మీరెరుగుదురు. ఇన్ని మాటలలోను దాగియున్న అంకె ఒక్కటియే అని బిడ్డకు తెలియవలెనన్నచో ముగ్గురు పిల్లలను కూర్చుండబెట్టి, వారికి మూడు రొట్టెలు పంచుమని ఆ బిడ్డ చేతికే ఈయవలెను. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చేరి, మిగులు లేక తీరినప్పుడు, ముగ్గురునకు మూడు సరి అను మాట బిడ్డ చేతిలో తేలును. పది మారులు చెప్పి ఒప్పించుటకంటె ఇది సులభము.

మన ఆటలే మన పాఠములు

ఇందుకై మనము దూరదేశముల నుండి సామగ్రి తెప్పించుకొన పనిలేదు. మన అవ్వలు అరుగుల మీద ఆడిన ఆటలన్నియు లెక్కల ఆటలే.

గవ్వలాటను తీసికొనుడు. అష్టాచెమ్మలో నాలుగు గవ్వలు వేయుదురు. ఒకటి వెల్లకిల పడిన ఒకటి, రెండు పడిన రెండు, మూడు పడిన మూడు. నాలుగును వెల్లకిల పడినచో చెమ్మ, అనగా నాలుగు. నాలుగును బోరగిల పడినచో అష్ట, అనగా ఎనిమిది. ఆడ మరగిన బిడ్డ గవ్వలను ఒక్కొక్కటిగా లెక్కింపదు. చూడగానే "మూడు" అనును. కొద్ది వస్తువులను చూచినంతనే ఎన్నియో తెలిసికొను ఈ చూపు లెక్కకు పునాది. పిమ్మట కాయను మూడు గడులు నడుపునప్పుడు, కంటికి కనిపించిన మూడు కాలి నడకలో మూడు అడుగులుగా మారును.

వామనగుంటలలో వరుసకు ఏడు చొప్పున రెండు వరుసల గుంటలు. గుప్పెడు గింజలు తీసి, గుంటకొక్కటి వంతున వేసికొనుచు పోవలెను. "ఒక వస్తువునకు ఒక్క మాట" అను మొదటి మెట్టును ఇంతకంటె చక్కగా నేర్పు పరికరము మేమెరుగము. ఏ గుంటలో ఎక్కువ, ఏ గుంటలో తక్కువ, ఏ గుంట ఖాళీ అను విచారణ బిడ్డ తనంతట తానే చేయును. ఖాళీ గుంటయే సున్నకు మొదటి పరిచయము.

తొక్కుడుబిళ్ళలో గడుల వరుస కలదు. అచ్చనగాయలలో ఒకటి పైకెగురవేసి, క్రిందివానిని ఒకటిగా, రెండుగా, మూడుగా ఏరుకొనుట కలదు. నాలుగింటిని రెండేసి చొప్పున ఏరిన బిడ్డకు రెండు రెళ్ళు నాలుగని ఎవరును చెప్పకుండగనే తెలియును. వాకిట ముగ్గు వేయు తల్లి చుక్కలు ఏడు, ఐదు, మూడు అని తగ్గించుచు పోవునప్పుడు ప్రక్కన కూర్చున్న బిడ్డ వెనుకకు లెక్కించుట నేర్చుకొనును. ఈ లెక్క ముందు ముందు తీసివేతకు ఆధారమగును.

లెక్కించుటకు తగిన వస్తువులకు మన సీమలో కొదవలేదు. నంద్యాల చుట్టునున్న నందులు తొమ్మిది. అహోబిలమున వెలసిన నరసింహులును తొమ్మిదే. ప్రథమనంది మొదలు మహానంది వరకు వ్రేళ్ళు మడచుచు చెప్పిన బిడ్డ, పది వ్రేళ్ళలో ఒక్క వ్రేలు మిగిలెనని గమనించినచో, పదికి తొమ్మిది ఒకటి తక్కువ అను పాఠము యాత్రలోనే ముగిసినట్లు.

ఆటకు గౌరవము వచ్చిన విధము

ఆట ద్వారా విద్య అను భావమునకు ప్రపంచమున దాదాపు రెండువందల ఏండ్ల చరిత్ర గలదు. జర్మనీ దేశస్థుడగు ఫ్రోబెల్ 1837లో పసిపిల్లల కొరకు ఒక బడి స్థాపించి, బంతులు, చెక్క దిమ్మెలు వారి చేతికిచ్చెను. ఇటలీలో మరియా మాంటిస్సోరి అను వైద్యురాలు 1907లో రోము నగరపు పేదల వాడలో "బాలగృహము" తెరచెను. పొడవు క్రమముగా పెరుగు కఱ్ఱలతో, లెక్కపెట్టి పెట్టెలలో వేయు పుల్లలతో ఆమె అంకెలు నేర్పెను. ఆ విదుషీమణి 1939లో మద్రాసునకు వచ్చి, యుద్ధకాలమంతయు మన దేశముననే నిలిచి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చెను. గుజరాతు ప్రాంతపు భావనగరులో గిజూభాయి బధేకా 1920లో బాలమందిరము నెలకొల్పెను. ఆయన సహచారిణి తారాబాయి మోడక్ ఈ విద్యను పట్టణపు సంపన్నుల యిండ్ల నుండి గ్రామమునకు, ఆదివాసుల ముంగిళ్ళకు తెచ్చెను. పిల్లలు బడికి రాలేనిచో బడియే వారి ముంగిటికి పోవలెనని ఆమె ఆశయము. అంగన్‌వాడీ అను పేరునకే ముంగిటి బడి అని భావము.

1975 అక్టోబరు 2వ తేదీన, గాంధీ జయంతి నాడు, సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకము దేశమున 33 బ్లాకులలో ప్రారంభమైనది. పోషకాహారము, టీకాలు, ఆరోగ్య పరీక్షలతో బాటు 3 మొదలు 6 ఏండ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య కూడ మొదటినుండియు అందులో భాగమే. అంగన్‌వాడీ అనగా గ్రుడ్డు, పాలు ఇచ్చు చోటు అని మాత్రమే తలచుట సగము మాత్రమే సత్యము. తక్కిన సగము విద్య. 2020 నాటి జాతీయ విద్యా విధానము 3 మొదలు 8 ఏండ్ల వరకు గల కాలమును ఒకే పునాది దశగా పరిగణించినది. 2023 ఫిబ్రవరిలో ఆటవస్తువుల పెట్టెగా "జాదూయీ పిటారా" వెలువడినది. 2024లో అంగన్‌వాడీల కొరకు "ఆధారశిల" అను పాఠ్యప్రణాళిక వచ్చినది. వీనియన్నిటిలోను ఆటయే మార్గము.

ఆట ఒక్కటియే చాలునా?

ఇచట ఒక మాట నిష్కర్షగా చెప్పవలసి యున్నది. ఆట మంచిదని వినినంతనే, పిల్లలను ఆటకు వదలిన చాలును, లెక్క తానే వచ్చునని తలంచరాదు.

అమెరికాలో గీతా రమణి, రాబర్టు సీగ్లర్ అను పరిశోధకులు పేదకుటుంబముల పిల్లలతో ఒక పరీక్ష జరిపి 2008లో ప్రకటించిరి. ఒకటి మొదలు పది వరకు వరుసగా గడులున్న పలక మీద నాలుగైదేండ్ల పిల్లలు కాయ నడుపుచు, గడిలోని అంకెను పైకి చెప్పవలెను. రెండు వారములలో నాలుగు మారులు, మొత్తము ఇంచుమించు ఒక్క గంట ఆడిరి. వారి అంకెల జ్ఞానము స్పష్టముగా పెరిగెను. తొమ్మిది వారముల పిమ్మటను ఆ లాభము నిలిచియుండెను. అదే పలక మీద అంకెలకు మారుగా రంగులుంచి ఆడిన పిల్లలకు అట్టి లాభము కలుగలేదు. రెండును ఆటలే. ఒకదానిలో అంకె కలదు, రెండవదానిలో లేదు.

మన ఢిల్లీ నగరములో 214 పూర్వ ప్రాథమిక కేంద్రములలో, ప్రథమ్ సంస్థ సహకారముతో జరిగిన పెద్ద పరీక్ష ఫలితములు 2017లో వెలువడినవి. పిల్లలు నాలుగు నెలలు లెక్కల ఆటలు, ఆకారముల ఆటలు ఆడిరి. ఎక్కువ తక్కువలను కంటితో పోల్చు నేర్పు పెరిగి, ఏడాది దాటినను నిలిచెను. కాని ప్రాథమిక పాఠశాలలో చేరిన పిదప వ్రాతలెక్కలలో వారికి అధిక ప్రయోజనము కానరాలేదు. 2025లో ప్రకటితమైన మరియొక పరిశోధన కూడ ఆలోచింపదగినది. కలకత్తా, ఢిల్లీ అంగళ్ళలో సరుకులమ్ము పిల్లలు చిల్లర లెక్కలు నోటితో చకచక చేయగలిగిరి. కాగితము మీద వ్రాసియిచ్చిన లెక్కను చేయలేకపోయిరి. అంగడి యెరుగని బడిపిల్లలు కాగితపు లెక్క చేసిరి గాని అంగడి లెక్కకు తడబడిరి. ఒకరికి చేతి తెలివి, ఒకరికి పలక తెలివి. రెండింటికి నడుమ వంతెన లేదు.

ఆ వంతెన కట్టుటయే మనము చేయవలసిన పని. ప్రతి ఆటలోను మూడు కలిసియుండవలెను: చేతిలో వస్తువు, నోటిలో మాట, కంటి యెదుట అంకె. గవ్వలు మూడు పడినవి. బిడ్డ "మూడు" అనవలెను. 3 అని వ్రాసిన చీటీని తీసి చూపవలెను. మరునాడు చీటీ చూపి, "ఇన్ని గింజలు తెమ్ము" అని అడుగవలెను. ఈ మూడును కలిసినప్పుడే ఆట పాఠమగును.

రెండు సందేహములు

మొదటి సందేహము తల్లిదండ్రులది. "పక్కయూరి ప్రయివేటు బడిలో మూడేండ్లకే నూరు వరకు వ్రాయించుచున్నారు. మా బిడ్డ గింజలతో ఆడుచున్నాడు" అని వారి విచారము. బిడ్డ వెనుకబడునేమో అను భయము తల్లిదండ్రులకు సహజము, దానిని తేలికగా త్రోసివేయరాదు. కాని ఒకటి చూడవలెను. గీతల మీద గీతలు దిద్ది నూరు వరకు నింపిన బిడ్డ, ఏడు పెద్దదా తొమ్మిది పెద్దదా అని అడిగిన చెప్పగలదా? చెప్పగలిగిన సంతోషమే. చెప్పలేనిచో ఆ పలకలోనిది బొమ్మయే గాని లెక్క కాదు. బడిలో చేరునాటికి అంకెల అవగాహన గల పిల్లలు తరువాతి తరగతులలో చదువునను లెక్కలలోను ముందుండు సంభవము ఎక్కువని అమెరికా, బ్రిటను, కెనడా దేశముల పిల్లలను ఏండ్ల తరబడి పరిశీలించి 2007లో ప్రకటించిరి. అవగాహన ముందు, వ్రాత వెనుక. వ్రాతకు వ్రేళ్ళ బలము కూడ కావలెను. గింజలు ఏరిన వ్రేళ్ళకు ఆ బలము వచ్చును.

రెండవ సందేహము పెద్దలది. గవ్వలు చేతికిచ్చిన జూదము మరుగుదురేమో అని. పందెము లేని ఆట జూదము కాదు. పిల్లల ఆటలో డబ్బు గాని, తినుబండారము గాని పణముగా ఒడ్డరాదు. గెలుపు ఓటములకు ప్రాధాన్యము తగ్గించి, వంతు కొరకు వేచియుండుట, ప్రక్కవాని లెక్క సరిచూచుట నేర్పినచో, ఆ గవ్వలే సభామర్యాదకు తొలిపాఠమగును.

పంచాయతీ చేయదగిన పనులు

1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పదునొకండవ షెడ్యూలును చేర్చినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో ప్రాథమిక విద్య, స్త్రీ శిశు అభివృద్ధి కూడ కలవు. ఆరేండ్లు నిండువరకు పిల్లల సంరక్షణకు, విద్యకు రాజ్యము పాటుపడవలెనని 2002 నాటి 86వ సవరణముచే 45వ అధికరణము చెప్పుచున్నది. కావున ఇది మీ పరిధిలో లేని పని కాదు.

మొదటిది: అంగన్‌వాడీ వసారా నేల మీద ఒకటి మొదలు పది వరకు సరళరేఖగా, సమానమైన గడులతో ఒక అంకెల బాట వేయించుడు. రంగుడబ్బా ఒకటి, ఒక పూట పని చాలును. బిడ్డ గడికొక్క అంకె చెప్పుచు నడువవలెను. వైకుంఠపాళి మంచి ఆటయే గాని అందు బాట మెలికలు తిరుగును. గడులును పెక్కు గలవు. అది పెద్దపిల్లలకు తగును. పసివారికి తిన్నని బాటయే మేలు.

రెండవది: గ్రామపు వడ్రంగిచే వామనగుంటల పీటలు రెండు చేయించుడు. గవ్వలు, చింతగింజలు, జొన్నదంటు ముక్కలు, సీసా మూతలు సంచులలో సమకూర్చుడు. మూడేండ్ల లోపు పసికందులు గింజలను నోటను ముక్కునను పెట్టుకొను ప్రమాదము కలదు. వారి అందుబాటులో చిన్న గింజలుంచరాదు. వారికి పెద్ద మూతలు, గిన్నెలు ఈయవలెను. ఆట ముగిసిన వెనుక గింజలను లెక్కపెట్టి సంచిలో వేయించినచో భద్రతయు, పాఠమును రెండును సిద్ధించును.

మూడవది: వారమునకొక దినము గ్రామపు అవ్వలను, తాతలను అంగన్‌వాడీకి ఆహ్వానించుడు. ఆటలు తెలిసినవారు వారే. వారి వెనుక ఆ ఆటలు మరుగున పడకుండ ఇది ఒక్కటియే ఉపాయము.

నాలుగవది: అంగన్‌వాడీ కార్యకర్త కాలమును కాపాడుడు. బరువులు తూచుట, సరుకులు పంచుట, నమోదులు, ఇతర విధులు ఆమె చేతి నిండుగ నున్నవి. పాఠమునకు నియమించిన వేళను ఇతర పనులకు ఆమెను పిలువకుండ పంచాయతీ నియమము చేసికొనినచో, అది భవనము కట్టించినంత మేలు.

ఐదవది: పత్తి తీతల వేళ తల్లులు తెల్లవారకముందే చేలకు పోవుదురు. అట్టి రోజులలో పిల్లల హాజరు తగ్గకుండ, పెద్ద పిల్లలకు చిన్నవారిని అప్పగించి బడి మాన్పింపకుండ, పంచాయతీ సభ్యులు ఇంటింటికి చెప్పవలెను. ముఖ్యముగా ఆడపిల్లల విషయమున.

ఆరవది: నెలకొక మారు సభ్యులలో ఒకరు కేంద్రమునకు పోయి కూర్చుండవలెను. "ఒకటి రెండు మూడు చెప్పుము" అని అడుగవలదు. "నాకు నాలుగు గింజలిమ్ము", "ఇటు ఎక్కువయా, అటు ఎక్కువయా?", "ఇంకొకటి వేసిన ఎన్ని?" అని అడుగవలెను. బిడ్డ తప్పు చెప్పిన గద్దింపరాదు. కార్యకర్తను నిలదీయరాదు. ఏది రాలేదో తెలిసికొని, ఆ నెల ఏ ఆట ఎక్కువ ఆడింపవలెనో ఆమెతో కూడి నిర్ణయింపవలెను. చూపు తక్కువైన, వినికిడి తక్కువైన బిడ్డలు గింజలను తాకి, చప్పట్లను చూచి లెక్కింపగలరు. వారిని ప్రక్కన కూర్చుండబెట్టరాదు.

ఇక ఇంటిలో చేయదగినది ఏ ఖర్చును లేనిది. రొట్టెలు ఎన్నియో బిడ్డచే చెప్పింపుడు. కోళ్ళను మూయునప్పుడు లెక్క బిడ్డకే అప్పగింపుడు. తండ్రి జొన్నలు కొలుచునప్పుడు బిడ్డను ప్రక్కన నిలుపుకొని "లాభము, రెండు, మూడు" అని కలిసి పలుకుడు. తల్లిదండ్రులకు అక్షరము రానిచో ఏమి? వారికి లెక్క వచ్చును. ఆ లెక్క బిడ్డకు చెప్పుటకు సిగ్గుపడ పనిలేదు.

మన నల్లరేగడిలో వానకాలము వెనుక నేల పదును చూచి శనగ వేయుదుము. పదునులో వేసిన విత్తు నేలలోని తేమతోనే మొలచును. పదును దాటిన పిదప వేసినను కొంత మొలచును గాని, శ్రమ హెచ్చు, పంట తక్కువ. ఆరేండ్లు దాటిన బిడ్డకు లెక్క రాదని మేమనుట లేదు. ఎన్నడైనను వచ్చును. కాని మూడు మొదలు ఆరేండ్ల వరకు పదునున్న కాలము. ఆ కాలము బిడ్డకు ఒక్క మారే వచ్చును, మన తీరిక కొరకు ఆగదు.

రాబోవు గ్రామసభ కార్యక్రమములో పన్నులు, నీరు, రహదారులతో బాటు అంగన్‌వాడీ అంకెల బాటను కూడ ఒక అంశముగా చేర్చవలసినదని మనవి చేయుచున్నాము. నేడు ఆ గడుల మీద నడచిన పిల్లలు రేపు ఈ పంచాయతీ జమాఖర్చులను చదివి, సరిచూచి, మనలను ప్రశ్నింపగల పౌరులగుదురు. అట్టివారిని పెంచుకొనిన గ్రామము ఎవరి చేతను మోసపోదు.